చేయి చాచకుండా బతికితే చాలా? – కిరత్, డాబా తోట, పచ్చడి జాడీ



ఆదివారం దీవాన్ అయ్యాక మా గురుద్వారాలో పిల్లలకు తెలుగులో గురుమత్ తరగతి చెబుతుంటాను. ఢిల్లీలో పుట్టిన మన పిల్లలకు హిందీ బడిలో వస్తుంది, గురుముఖి గురుద్వారాలో వస్తుంది. తెలుగు మాత్రం ఇంట్లో నానమ్మల దగ్గరే మిగిలింది. అందుకని ఆ గంటసేపు తెలుగులోనే మాట్లాడుకుంటాం.

ఒకరోజు కిరత్ గురించి చెబుతున్నాను. కష్టపడి సంపాదించి తినాలి, ఒకరి ముందు చేయి చాచకూడదు అన్నాను. పదకొండేళ్ళ పిల్లవాడు లేచి అడిగాడు: "వీర్ జీ, ఒకరి దగ్గర తీసుకోవడం తప్పైతే మనం లంగర్ ఎందుకు తింటాం?"

మిగతా పిల్లలు నవ్వారు. నాకు మాత్రం జవాబు రాలేదు. "వచ్చే ఆదివారం చెబుతాను" అని తప్పించుకున్నాను. గ్రంథీ శిక్షణలో కిరత్ మీద ఎన్నో కథలు విన్నాను. ముప్పై దాటాక మొదలుపెట్టిన డిగ్రీ చదువులో స్వావలంబన మీద పాఠాలు చదివాను. అయినా ఆ చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే అదే ప్రశ్న ఒకప్పుడు మా ఇంట్లోనూ వచ్చింది. అప్పుడు జవాబు చెప్పింది మా అమ్మ. ఆ సంగతి చెప్పే ముందు మన చేతుల గురించి, మన డాబాల గురించి రెండు మాటలు చెప్పుకోవాలి.

మన చేతికున్న గర్వం

సిక్లీగర్ అన్న పేరు ‘సైకల్’ అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. ఆయుధానికి మెరుగు పెట్టడం, పదును పెట్టడం అని దాని అర్థం. గురువుల ఫౌజుకు కత్తులు, బల్లేలు చేసిన వంశం మనది. కాలం మారింది, ఆయుధాల పని పోయింది. మన పెద్దలు ఊరూరా తిరిగి కొడవలి, గొడ్డలి, కడాయి, తాళం, రేకు బకెట్టు చేసి అమ్మారు. ఆ తర్వాత ప్లాస్టిక్ బకెట్టు వచ్చింది, ఫ్యాక్టరీ తాళం వచ్చింది. కొలిమి చల్లబడిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఎంత లేమి వచ్చినా మన పెద్దలు ఒక్క మాట వదల్లేదు: ‘మనం చేసి తినేటోళ్ళం, అడిగి తినేటోళ్ళం కాదు.’

ఈ మాటే మనల్ని నిలబెట్టింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఈ చిన్న పుస్తకంలో నేను అడిగేది ఒక్కటే. ఈ మాట ఇంతటితో పూర్తయిందా, లేక దీనికి ఇంకో సగం ఉందా?

పాతిక గజాల మీద తోట

నగరం శివారున ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో కూరగాయలు, వంటింట్లో ఏడాదికి సరిపడా నిల్వలు. ‘సాదా జీవితం’ అనగానే చాలామంది మనసులో మెదిలే బొమ్మ ఇది. ఢిల్లీ శివార్లలో మన బతుకు వేరు. 1975–77 ఎమర్జెన్సీ రోజుల్లో నగరం నడిమధ్య బస్తీల నుంచి జనాన్ని తరలించి శివార్లలో కాలనీలు వేసినప్పుడు కుటుంబానికి ఇచ్చిన జాగా సుమారు 25 గజాలు. ‘పచ్చీస్ గజ్’ అనే మాట ఢిల్లీలో ఇప్పటికీ నడుస్తోంది. ఆ పాతిక గజాల్లో పెరడు ఎక్కడ పెట్టాలి? మనకున్న పెరడు డాబా ఒక్కటే.

మా డాబా మీద మొక్కలన్నీ మా బాపు చేతి పనిలోనే ఉన్నాయి. 15 కిలోల నూనె టిన్నును నిలువుగా మధ్యకు కోసి, చేతికి గీరుకోకుండా అంచు లోపలికి మడిచి, అడుగున మేకుతో ఐదారు తూట్లు పొడిస్తే రెండు మొక్కల తొట్లు తయారు. ఎన్నో తోటలకు పనిముట్లు చేసిచ్చిన మనకు సొంత తోట ఉండేది కాదు. ఇప్పుడు ఆ చేతిపనే మన తోటకు పనికొస్తోంది. ఒక జాగ్రత్త చెప్పాలి. రంగుల డబ్బాలు, రసాయనాలు నింపిన డ్రమ్ములు తినే మొక్కలకు వాడకండి.

ఢిల్లీలో కాలం చూసి విత్తాలి. దసరా దాటాక, అక్టోబరు–నవంబరుల్లో మెంతి, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, ఎల్లిగడ్డ. చలి తగ్గాక, ఫిబ్రవరి చివర నుంచి మార్చిలోపు బెండ, సొర, బీర. మొదటి వానలకు జూన్ చివరన, జూలైలో తోటకూర, పుంటికూర. మే నెలలో లూ గాలి కొట్టేటప్పుడు పాత చున్నీ ఒకటి మొక్కల మీద పందిరిలా కడితే అవి బతుకుతాయి. పుంటికూర, అదే గోంగూర, ఇక్కడ మామూలు కూరగాయల బండి మీద కనబడదు. దాని కోసం ఐఎన్ఏ మార్కెట్ దాకా పోవాలి. నాలుగు టిన్నుల్లో గింజలు చల్లితే వానాకాలమంతా ఇంట్లో పప్పులోకి కూర ఉంటుంది, ఒక జాడీ పచ్చడీ అవుతుంది.

నీళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. ట్యాంకరు కోసం గల్లీలో బకెట్లు వరుస కట్టే చోట మొక్కకు మంచినీళ్ళు పోయడం న్యాయం కాదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు పారబోయకుండా దాస్తే చాలావరకు సరిపోతాయి.

నిజం చెప్పాలంటే దీంతో ఇల్లు గడవదు. గోధుమపిండి, పప్పు, నూనె, గ్యాస్ కొనక తప్పదు. ‘మాకు కావలసినదంతా మేమే పండించుకుంటాం’ అని పాతిక గజాల ఇంట్లో ఎవరూ అనలేరు. మరి ఎందుకీ శ్రమ అంటే, కూలి దొరకని వారంలో కూడా ఇంట్లో కూర ఉంటుంది. పిల్లలకు మట్టి తెలుస్తుంది, ఓపిక తెలుస్తుంది. దాంతోపాటు, ఇంకొకరికి ఇవ్వడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఆ ఏప్రిల్ నెల

2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ పెట్టారు. మా బాపుది సాన పట్టే పని. సైకిలుకు సానరాయి బిగించుకుని గల్లీ గల్లీ తిరిగి కత్తులకు, కత్తెరలకు పదును పెడతాడు, తాళంచెవులు చేస్తాడు. బయటికి పోకపోతే ఆ రోజు సంపాదన సున్నా. ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి ఇంట్లో డబ్బు అయిపోయింది. పిండి డబ్బా అడుగు కనబడింది. మిగిలింది జాడీలే. వానాకాలంలో పెట్టిన పుంటికూర పచ్చడి, జనవరిలో క్యారెట్టు, గోభీ, షల్గమ్ కలిపి ఆవనూనెలో పెట్టిన ఊరగాయ.

మా పక్కింట్లో బీహార్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఇద్దరు పిల్లలు ఉండేవాళ్ళు. భర్త వేరే రాష్ట్రంలో పనికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. మా అమ్మ రోజూ నాలుగు రొట్టెలు, ఒక గిన్నెలో ఊరగాయ గోడ మీదుగా ఆ ఇంటికి ఇచ్చేది. ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ నెలల్లో బంగ్లా సాహిబ్ మొదలుకొని ఢిల్లీ గురుద్వారాల్లో లంగర్ పొయ్యి ఆరలేదు. వండిన అన్నం బండ్ల మీద బస్తీలకు పంపేవాళ్ళు. ఒకరోజు మా గల్లీ మొదట్లో కూడా బండి ఆగింది. నేను గిన్నె తీసుకుని లేచాను. బాపు వద్దన్నాడు.

"మనం చేయి చాపెటోళ్ళం కాదు. లోపలికి రా."

ఆ రోజు బండి వెళ్ళిపోయింది. మేం మధ్యాహ్నం ఒక్కో రొట్టె, పచ్చడి తిన్నాం. రాత్రి చెల్లెలి పిల్లలకు మాత్రమే సరిపోయింది. అప్పుడు అమ్మ చాలా నెమ్మదిగా అడిగింది.

"ఒక్క మాట అడగనా? పక్కింటి బిడ్డ ఇరవై దినాల నుంచి మన రొట్టె తింటున్నది. ఆమె బిచ్చమెత్తుకున్నట్టేనా?"

"అట్లెందుకైతది? ఆమెకు కష్టమొచ్చింది."

"మరి మనకొచ్చింది కష్టం కాదా?"

బాపు ఏమీ అనలేదు. మరునాడు బండి వచ్చినప్పుడు దస్తార్ కట్టుకుని, గిన్నె తానే తీసుకుని గల్లీ మొదటికి నడిచాడు. తెచ్చిన అన్నంలో కొంత ముందు గోడ మీదుగా పక్కింటికి ఇచ్చి, తర్వాత మాకు పెట్టాడు.

జూన్ 8న గురుద్వారాల తలుపులు మళ్ళీ తెరిచారు. ఆ వారమే బాపు సానరాయి సైకిలు తోసుకుంటూ మా ఏరియా గురుద్వారాకు పోయి, లంగర్‌లో ఉన్న కత్తులన్నిటికీ పదును పెట్టాడు. అక్కడి పెద్ద సేవాదారుతో "ఏప్రిల్‌లో తిన్న అన్నం లెక్క ఇది" అన్నాడట. ఆ పెద్దాయన నవ్వి, "సర్దార్ జీ, లంగర్‌లో లెక్క ఎక్కడుంటుంది? కత్తులు మొద్దుబారినప్పుడల్లా రండి, వచ్చినప్పుడు తిని పోండి" అన్నాడట. ఇప్పటికీ ప్రతి సంగ్రాంద్‌కు బాపు పోతాడు. పదును పెట్టి, పంగత్‌లో కూర్చుని తిని వస్తాడు. లెక్క గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

గురువు చూపిన దారి

గురు నానక్ దేవ్ జీ దూర దేశాల ఉదాసీలు ముగించుకుని రావీ నది ఒడ్డున కర్తార్‌పూర్‌లో స్థిరపడ్డారు. 1539లో జ్యోతీ జోత్ సమాయే వరకు అక్కడే సుమారు 18 ఏళ్ళు ఉన్నారు, స్వయంగా సేద్యం చేశారు. జగద్గురువు అయి ఉండి నాగలి పట్టారు. భాయీ లెహణా జీ తడి గడ్డిమోపు తల మీద పెట్టుకుని బురద ఓడుతూ వచ్చిన సాఖీ ఆ పొలాలదే. 2019 నవంబరు 9న కారిడార్ తెరిచాక అక్కడికి వెళ్ళివచ్చిన వాళ్ళు ఆ పొలాల గురించి చెబుతూ ఉంటారు. ఆ పొలం పంట గురువు ఇంటి ధాన్యపు గాదెలో ఆగలేదు. వచ్చిన సంగత్‌కు లంగర్ అయింది. పండించడం, పంచడం అక్కడ ఒకే పనిగా సాగాయి.

సారంగ్ రాగంలోని వార్‌లో గురు నానక్ సాహిబ్ ఈ రెండిటినీ ఒకే చోట చేర్చి చెప్పారు. చెమటోడ్చి తినడం ఒకటి, అందులోంచి తన చేత్తో కొంత ఇవ్వడం రెండోది. ఈ రెండూ ఉన్నవాడికే దారి తెలుసని అన్నారు. మనం మొదటి సగాన్ని గట్టిగా పట్టుకున్నాం, అది మంచిదే. కానీ మొదటి సగం ఒక్కటే పట్టుకుంటే అది మెల్లగా హౌమైగా మారుతుంది. ‘నేను ఎవరికీ బాకీ లేను’ అనే మాటలో ‘నేను’ ఎంత పెద్దదో చూడండి.

ఆ ‘నేను’ నిజమేనా అన్నది ఒక పచ్చడి జాడీ మూత తీసినా తెలుస్తుంది. పుంటికూర మన డాబాది. కానీ ఉప్పు సముద్రం ఒడ్డున ఎండలో కాళ్ళు మండుతూ ఎవరో తీసింది. మిరప ఖమ్మం వైపో గుంటూరు వైపో ఒక కూలితల్లి కోసింది. ఆవనూనె ఏ రాజస్థాన్ రైతు చేలోదో. గింజ మా నానమ్మ ఊరి నుంచి తెచ్చింది. వాన వాహిగురువుది. ‘ఇంట్లోనే చేసుకున్నాం’ అని గర్వంగా చెప్పుకునే జాడీలోనే ఇంతమంది చేతులుంటే, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా బతికే మనిషి ఎక్కడున్నాడు?

భగత్ ధన్నా జీ రైతు. ఆయన బాణీ గురు గ్రంథ్ సాహిబ్ జీలో ఉంది. అందులో ఆయన దేవుణ్ణి పప్పు, పిండి, నెయ్యి, కాళ్ళకు జోళ్ళు, పాడి పశువు కావాలని నేరుగా అడుగుతారు. నాగలి పట్టి కష్టపడే మనిషే అలా అడిగాడు. అడగడానికి సిగ్గుపడలేదు, ఎందుకంటే ఇచ్చేది ఎవరో ఆయనకు తెలుసు.

ఇంకో సంగతి కూడా మన చరిత్రలో చెప్పుకుంటాం. గురు హర్ రాయ్ సాహిబ్ కీరత్‌పూర్‌లో తోట పెంచారు, అందులో మందు మొక్కలు వేయించి వైద్యశాల నడిపారు. షాజహాన్ కొడుకు దారా షికో జబ్బు పడినప్పుడు దొరకని మందు గురువు దగ్గర ఉందని తెలిసి కబురు పంపితే, గురువు ఇచ్చి పంపారు. ఆ ఘరానా గురువు ఇంటికి చేసిన ద్రోహాలు లెక్కలోకి తీసుకోలేదు. ఇందులో ఇచ్చిన చేయి గొప్పతనం అందరికీ కనబడుతుంది. రెండో వైపు కూడా చూడండి. తాజ్ మహల్ కట్టించిన పాదుషా కూడా ఒక రోజు గుప్పెడు మందు కోసం చేయి చాచాల్సి వచ్చింది.

తీసుకోవడం ఎప్పుడు తప్పు?

అయితే చేయి చాచడంలో తప్పే లేదా? ఉంది. యోగులతో జరిగిన సంవాదంలో, ఇంకా ఎన్నో చోట్ల, గురు నానక్ సాహిబ్ ఒక మాట సూటిగా చెప్పారు. గృహస్థ జీవితాన్ని తక్కువగా చూసి, ఇల్లు వదిలి, మళ్ళీ అదే గృహస్థుల వాకిట భిక్షకు నిలబడటం ఆయనకు నచ్చలేదు. పని చేయగల ఒళ్ళు ఉండి, పని మానేసి, తీసుకోవడాన్నే బతుకుదెరువు చేసుకుంటే అది కిరత్‌కు విరుద్ధం. ఈ మాటను మన పిల్లలకు గట్టిగానే చెప్పాలి.

పంగత్ సంగతి వేరు. అక్కడ కోటీశ్వరుడైనా, పొద్దున నుంచి పని దొరకని కూలివాడైనా ఒకే నేల మీద, ఒకే వరుసలో కూర్చుంటారు. ఈ రోజు వడ్డించినవాడు రేపు తింటాడు, ఈ రోజు తిన్నవాడు రేపు పిండి పిసుకుతాడు. తీసుకునే ముందు మనల్ని మనం ఒక్క ప్రశ్న అడుక్కుంటే చాలు: ‘నాకు శక్తి వచ్చిన రోజు ఇదే వరుసలో బాల్టీ పట్టుకుని వడ్డించడానికి నిలబడతానా?’ అవును అనుకుంటే ఆ అన్నం మనకు ప్రసాదం. అది మన పరువు తియ్యదు.

ఇంకో వైపు నుంచి కూడా ఆలోచించాలి. తీసుకోవడం అంటే సిగ్గు అని మనసులో పెట్టుకున్నవాడు ఇచ్చేటప్పుడు ఎదుటివాణ్ణి ఎలా చూస్తాడు? పైకి చెప్పకపోయినా లోపల తక్కువగానే చూస్తాడు. మా అమ్మ బాపును అడిగిన ప్రశ్న సారాంశం ఇదే. తాను తీసుకోవడం నేర్చుకున్నవాడే ఎదుటివాడి తల వంచకుండా ఇవ్వగలడు.

జాడీలో దాచడం తప్పా?

ఒక పెద్దావిడ నన్ను అడిగింది: "గోయింద్‌వాల్‌లో మూడో పాత్‌షాహ్ గురు అమర్ దాస్ జీ లంగర్‌లో రేపటికి ఏమీ మిగల్చనిచ్చేవారు కాదంటారు. మరి మనం ఏడాదికి సరిపడా ఊరగాయ పెట్టుకోవడం భరోసా లేకపోవడం కాదా?"

మంచి ప్రశ్న. లంగర్‌కు వచ్చింది సంగత్ సొత్తు. ఆకలి వాకిట్లో ఉండగా దాన్ని గదిలో పెట్టి తాళం వేయడం కుదరదు. అదే ఆ సాఖీ చెప్పేది. గృహస్థుడికి మాత్రం కాలాన్ని చూసి జాగ్రత్త పడే బాధ్యత ఉంది. రైతు విత్తనం దాచకపోతే మరుసటి ఏడు పంట లేదు, పంచడానికి ఏమీ లేదు. కాబట్టి జాడీ పెట్టడంలో తప్పు లేదు. జాడీ మూత ఎప్పుడు తెరుచుకుంటుంది అన్నదే చూసుకోవాలి. గోడ అవతల పిల్లలు ఆకలితో ఉన్నప్పుడు కూడా తెరుచుకోకపోతే అది నిల్వ కాదు, లోభం. అవసరానికి తెరుచుకుంటే అదే సంతోఖ్.

దస్వంద్ డబ్బుకే అనుకోకండి. పది కట్టల మెంతికూర కోస్తే ఒక కట్ట, పది సీసాల ఊరగాయ పెడితే ఒక సీసా లంగర్‌కో, పక్కింటికో పక్కన పెట్టండి. డబ్బు లేని నెలలో కూడా ఈ దస్వంద్ ఆగదు.

ఇచ్చేది మన బిడ్డకు పెట్టగలిగేదై ఉండాలి. బూజు పట్టిన ఊరగాయ ఇవ్వడం సేవ కాదు. జాడీ, గరిటె పొడిగా ఉండాలి, పైన నూనె వేలెడు తేలుతూ ఉండాలి. ఇంకొక హెచ్చరిక. 1810లో ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ అనే వంటవాడు సీసాల్లో ఆహారాన్ని మూసి ఉడికించి నిల్వ చేసే పద్ధతిని పుస్తకంగా రాశాడు. ఈ రోజు బయటి దేశాల ఇళ్ళలో చేసేది దాని నుంచి వచ్చిందే. ఆ వీడియోలు చూసి బీన్స్, బఠాణీ, మొక్కజొన్న ఉత్త నీళ్ళలో ఉడికించి సీసాల్లో బిగించకండి. పులుపు లేని కూరగాయల్లో, గాలి ఆడని చోట బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు. ఆ క్రిమి బీజాలు మామూలు మరుగుకు చావవు. పులుపు, ఉప్పు, నూనె, ఎండ – మన అమ్మమ్మల పద్ధతే మన డాబాకు చాలు.

ఆ పిల్లవాడికి చెప్పిన జవాబు

వచ్చే ఆదివారం ఆ పిల్లవాడికి ఇలా చెప్పాను: "బేటా, మనం పని చేసేది ఒకరి మీద బరువు కాకూడదని. లంగర్ తినేది మనం ఒంటరిగా బతకడం లేదని గుర్తుంచుకోవడానికి. రెండూ గురువు చెప్పినవే." వాడు కాసేపు ఆలోచించి, "అయితే నేను వడ్డించాలి కూడా కదా" అన్నాడు. ఆ రోజు నుంచి నీళ్ళ సేవ వాడిదే.

మా పక్కింటి అమ్మాయి లాక్‌డౌన్ సడలాక మా గిన్నె తిరిగి ఇచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా, అందులో గుప్పెడు నేనువా గింజలు వేసి ఇచ్చింది. మనం నేతిబీర అంటాం. ఆ జూలైలో టిన్నులో వేశాం. తీగ గోడ దాటి వాళ్ళ డాబా మీదికి పాకింది. ఏ కాయ ఎవరిదో మేం చూసుకోలేదు. ఆ గింజలు ప్రతి ఏడూ తీసి పెడుతున్నాం. ఈ వానాకాలం ఎవరికైనా కావాలంటే మా గురుద్వారాలో అడగండి.

సంగత్ జీ, ఈ వారం ఒక పాత టిన్ను కోసి, తూట్లు పొడిచి, కాలానికి తగిన గింజలు చల్లండి. నామ్ జపిస్తూ నీళ్ళు పోయండి. మొదటి కోత ఇంటికి తెచ్చే ముందు గోడ అవతల ఎవరున్నారో చూడండి. మనకు కష్టం వచ్చిన రోజు అదే గోడ మీదుగా వచ్చిన రొట్టెను తల ఎత్తుకునే తీసుకోండి.

సరబత్ దా భలా కోరుతూ, రాసిన దాంట్లో ఏమైనా భుల్ చుక్ ఉంటే సంగత్ మన్నించాలని అర్దాస్.

వాహిగురూ జీ కా ఖాల్సా, వాహిగురూ జీ కీ ఫతే.